పాత జి.పి.యస్. కార్డుకు డ్రైవరు ఎక్కించడం ఎట్లా?



ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల సంకేతాలను అందుకొని, మనం నిలబడిన చోటు ఏ అక్షాంశం మీద, ఏ రేఖాంశం మీద వున్నదో చెప్పే సాధనమే జి.పి.యస్. నేడది దాదాపు ప్రతి స్మార్టు ఫోనులోనూ యిమిడి వున్నది. ఫోనులలోకి రాకముందు, ల్యాప్‌టాపుకు తగిలించుకొనే కార్డుగానో, తీగ చివర చిన్న డబ్బీగానో విడిగా అమ్మేవారు. అలాంటివి కార్యాలయాల బీరువాలలోనూ, చదువుకున్న రైతుల యిండ్లలోనూ యిప్పటికీ కనిపిస్తాయి. తీసి కొత్త కంప్యూటరుకు తగిలిస్తే అది గుర్తుపట్టదు. "పాతబడి చెడిపోయింది, పారెయ్యండి" అని ఎవరో ఒకరు సలహా చెబుతారు.

తొందరపడకండి. చాలాసార్లు చెడిపోయింది కార్డు కాదు. కార్డుకూ కంప్యూటరుకూ మధ్య మాట కలిపే డ్రైవరు లేదు, అంతే. డ్రైవరంటే బండి తోలే మనిషి కాదు సుమా! కార్డు చెప్పేదాన్ని కంప్యూటరుకు అర్థమయ్యేటట్లు చేసే ఒక చిన్న ప్రోగ్రాము. నాగలి బాగానే వుంది, ఎద్దులూ బాగానే వున్నాయి. కాడి లేనిదే దుక్కి సాగదు గదా! ఆ కాడి వంటిదే యీ డ్రైవరు.

చేతిలో సెల్‌ఫోను వుండగా యీ తంటా దేనికని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఒక బావి దగ్గర నిలబడి ఒక్క చోటు గుర్తు వేసుకోవడానికి ఫోను చాలు. కాని గ్రామపటాన్ని ల్యాప్‌టాపు పెద్ద తెరమీద పెట్టుకొని, మనం నడుస్తూంటే తెరమీది చుక్క కూడా కదులుతూండగా బోర్లు, కాలువ తూములు, ముంపు చేలు గుర్తించాలంటే యీ పాత కార్డు చక్కగా పనికివస్తుంది. క్యూజిస్ అనే పటాల ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది. కార్డు చెప్పే మాటలు దానికి తెలుసు. అందువల్ల కొత్త పరికరానికి డబ్బు పెట్టే ముందు, వున్నదాన్ని ఒకసారి పరీక్షించి చూడడం మంచిది.

ముందు కార్డు రకం చూడండి

పాతవాటిలో మూడు రకాలున్నవి. మొదటిది అరచేయంత వెడల్పుగల కార్డు. దీన్ని పి.సి. కార్డు లేక పి.సి.యం.సి.ఐ.ఏ. కార్డు అంటారు, చివర 68 రంధ్రాలుంటాయి. రెండవది అగ్గిపెట్టె ప్రమాణంలో వుండే కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు. దీనికి 50 రంధ్రాలు. మూడవది యు.యస్.బి. తీగ చివర వుండే గుండ్రని లేక పలకల డబ్బీ.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కాంపాక్ట్ ఫ్లాష్ జి.పి.యస్. కార్డు చూడడానికి కెమెరాలలో వాడే మెమరీ కార్డును పోలి వుంటుంది. అందుచేత కొందరు బజారులో దొరికే యు.యస్.బి. కార్డు రీడరు కొని అందులో పెడతారు. ఎంతసేపు చూసినా అది పలకదు. ఆ రీడరుకు తెలిసిందల్లా మెమరీ కార్డులోని ఫైళ్ళు చదవడం ఒక్కటే. జి.పి.యస్. కార్డులో ఫైళ్ళు వుండవు. అది క్షణక్షణానికీ మాట్లాడే యంత్రం. దీనికి ఎన్ని డ్రైవర్లు వెతికినా ప్రయోజనం లేదు. కాంపాక్ట్ ఫ్లాష్ కార్డును పి.సి. కార్డు ఆకారంలోని తొడుగులో అమర్చి, పి.సి. కార్డు గాడి వున్న పాత ల్యాప్‌టాపులోనే పెట్టాలి. తరువాత వచ్చిన ల్యాప్‌టాపులలోని ఎక్స్‌ప్రెస్ కార్డు గాడి వేరు; పి.సి. కార్డు అందులో పట్టదు.

సరియైన గాడిలో పెడితే, యీ కార్డులు చాలావరకు సామాన్యమైన సీరియల్ పోర్టుగా కంప్యూటరుకు కనిపిస్తాయి. సీరియల్ పోర్టు డ్రైవరు విండోసులోనే వుంటుంది కనుక, వేరే డ్రైవరు అవసరం తరచుగా రాదు. అసలు చిక్కంతా మూడవ రకంతోనే, అంటే యు.యస్.బి. డబ్బీతోనే. ఇక దాని సంగతి చూద్దాం.

పెట్టె మీది పేరు కాదు, లోపలి చిప్పు పేరు కావాలి

చాలామంది పొరబడేది యిక్కడే. యు.యస్.బి. డబ్బీలలో ఎక్కువవాటికి లోపల రెండు చిప్పులుంటాయి. ఒకటి ఉపగ్రహాల మాట వినేది. రెండవది, విన్నదాన్ని యు.యస్.బి. తీగ గుండా కంప్యూటరుకు చేరవేసేది. డబ్బీ మీద "సర్ఫ్ స్టార్ 3" అని మొదటి చిప్పు పేరు పెద్ద అక్షరాలతో వేసి వుంటుంది. మనం ఆ పేరుతో డ్రైవరు వెతుకుతాము, దొరకదు. ఎందుకంటే డ్రైవరు కావలసింది వినే చిప్పుకు కాదు, కంప్యూటరుతో మాట్లాడే చిప్పుకు. యీ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే సగం పని అయినట్లే.

ఆ రెండవ చిప్పు పేరు తెలుసుకోవడానికి డబ్బీ పగలగొట్టనక్కరలేదు. డబ్బీని కంప్యూటరుకు తగిలించండి. స్టార్టు గుర్తు మీద మౌసు కుడి మీట నొక్కి, డివైస్ మేనేజరు తెరవండి. పసుపుపచ్చ గుర్తుతో ఒక వరుస కనిపిస్తుంది. దాని మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీసు, అందులో డీటెయిల్సు, అందులో హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. వి.ఐ.డి. అని ఒక సంఖ్య, పి.ఐ.డి. అని ఒక సంఖ్య వుంటాయి. మొదటిది తయారీదారు గుర్తు, రెండవది సరుకు గుర్తు. యింటిపేరు, పేరు వంటివి అన్నమాట. రెండూ కాగితం మీద రాసుకోండి.

వి.ఐ.డి. 067బి, పి.ఐ.డి. 2303 అని వుంటే అది తైవాను దేశపు ప్రొలిఫిక్ కంపెనీవారి పి.ఎల్. 2303 చిప్పు. 10సి4, ఇఏ60 అని వుంటే సిలికాన్ ల్యాబ్స్ వారి సి.పి. 210 వరుస చిప్పు. 0403, 6001 అని వుంటే ఎఫ్.టి.డి.ఐ. వారిది. వి.ఐ.డి. 1546 అయితే స్విట్జర్లాండుకు చెందిన యు-బ్లాక్స్ వారిది. వినడం, మాట్లాడడం రెండూ ఆ ఒక్క చిప్పే చేసుకుంటుంది. విండోసు 10, 11లలో తరచు వేరే డ్రైవరు లేకుండానే అది నడుస్తుంది. 091ఇ అయితే గార్మిన్ వారిది. వారి యు.యస్.బి. పరికరాలు చాలావాటికి సొంత భాష వుంది. వారి డ్రైవరు ఎక్కించినా సీరియల్ పోర్టు కనిపించకపోవచ్చు. ఆ భాష తెలిసిన ప్రోగ్రామే వాడాలి.

డ్రైవరు ఎక్కడ వెతకాలి?

విత్తనం ఎక్కడ కొనాలని అడిగితే మేమేం చెబుతాం? గుర్తింపు వున్న చోట కొనండి, సంతలో ఎవరో గోతాం విప్పి అమ్మితే కొనవద్దు అంటాం. డ్రైవరు సంగతీ అంతే.

మొదట, డబ్బీతో వచ్చిన సీ.డి. వుందేమో చూడండి. కొత్త ల్యాప్‌టాపులో సీ.డి. పెట్టే చోటు లేకపోతే, వున్న కంప్యూటరులో పెట్టి పెన్ డ్రైవులోకి ఎక్కించుకోండి. సీ.డి. లేకపోతే, చిప్పు తయారుచేసిన కంపెనీవారి సొంత వెబ్‌సైటుకు పోండి. డబ్బీ అమ్మిన కంపెనీ మూతబడినా చింత లేదు. చిప్పు కంపెనీ వుంటే చాలు. పాత పేజీలు తీసివేసి వుంటే, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సంస్థ వాటి నకళ్ళు దాచి వుంచుతుంది. అక్కడ వెతకవచ్చు.

"మీ కంప్యూటరులోని డ్రైవర్లన్నీ ఉచితంగా సరిచేస్తాము" అంటూ వచ్చే ప్రకటనలు నొక్కకండి. డ్రైవరు కంప్యూటరు లోలోపలి భాగాలను ముట్టుకొనే ప్రోగ్రాము. దొంగ డ్రైవరు ఎక్కిందంటే యింటి తాళం చెవి దొంగ చేతికి యిచ్చినట్లే. అదే కంప్యూటరులో రైతుల ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతాల జాబితాలు వుంటాయని విస్తరణ సిబ్బంది మరువరాదు. దించుకున్న ఫైలు ప్రాపర్టీసులో డిజిటల్ సిగ్నేచర్ అనే చోట సంతకం ఎవరిదో చూడండి. సంతకం లేనిదీ, పేరు పొంతన లేనిదీ ఎక్కించవద్దు.

ఎక్కించే పద్ధతి

పాత పరికరాలకు సామాన్య నియమం ఏమిటంటే: డబ్బీని వూడదీసి వుంచి, ముందు డ్రైవరు ఎక్కించి, కంప్యూటరును ఒకసారి ఆపి మళ్ళీ వెలిగించి, ఆ తరువాత డబ్బీ తగిలించాలి. అప్పుడు డివైస్ మేనేజరులో పోర్టులు అనే వరుస క్రింద చిప్పు పేరూ, ప్రక్కన కామ్ 3 అనో కామ్ 5 అనో సంఖ్యా కనిపిస్తాయి. ఆ సంఖ్య రాసుకోండి. డబ్బీని ఎప్పుడూ అదే యు.యస్.బి. రంధ్రానికి తగిలించండి, రంధ్రం మారిస్తే సంఖ్య మారవచ్చు. కొన్ని పాత ప్రోగ్రాములకు చిన్న సంఖ్యలే తెలుసు. అటువంటప్పుడు పోర్టు ప్రాపర్టీసులోని అడ్వాన్సుడు అనే చోట సంఖ్య తగ్గించుకోవచ్చు.

పి.ఎల్. 2303 విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు వున్నది. దాని తొలి రకాలను, అనగా హెచ్.ఎక్స్.ఏ. మొదలైనవాటిని, కంపెనీవారు 2012 నుంచి నిలిపివేశారు. కొత్త డ్రైవర్లు ఆ చిప్పులను అంగీకరించవు. డ్రైవరు ఎక్కినట్లే వుంటుంది గాని, పసుపుపచ్చ గుర్తు పోదు. "కోడ్ 10" అని చూపుతుంది. లేదా చిప్పు పేరు వుండవలసిన చోట, యీ రకం 2012 నుంచి నిలిపివేయబడిందని ఆంగ్లంలో రాసి వుంటుంది. అంటే కొత్త డ్రైవరు కాదు, పాతదే కావాలన్నమాట. 2008 నాటి 3.3.2 వరుస డ్రైవరుతో యివి నడుస్తాయి.

పాతది ఎక్కించిన తరువాత డివైస్ మేనేజరులో ఆ వరుస మీద కుడి మీట నొక్కి, అప్‌డేట్ డ్రైవర్ అని, "నా కంప్యూటరులోనే వెతుకుతాను" అనే అర్థం వచ్చే వరుస ఎంచి, తరువాత "వున్న జాబితా నుంచి ఎంచుకుంటాను" అనేది నొక్కండి. జాబితాలో తేదీలతో సహా డ్రైవర్లు కనిపిస్తాయి. 2008 తేదీ గలదాన్ని ఎంచండి. కొన్నాళ్ళకు విండోసు తనంతట తాను కొత్త డ్రైవరు దించి మళ్ళీ మొదటికి తేవచ్చు. గాబరాపడక, అదే జాబితాకు పోయి పాతదాన్నే మళ్ళీ ఎంచుకోండి.

భద్రత ఏర్పాట్లు అడ్డువచ్చి విండోసు ఆ డ్రైవరును ఒప్పుకోకపోతే, ఆ ఏర్పాట్లు తీసివేయమని చెప్పను. దానికి వేరే దారి వుంది. లినక్సు అనే ఉచిత వ్యవస్థలో యీ చిప్పుల డ్రైవర్లు ముందే కలిపి వుంటాయి. వెతకడం, ఎక్కించడం అనే పనే లేదు. ఉబుంటు వంటి లినక్సును పెన్ డ్రైవులో పెట్టుకొని, విండోసును కదపకుండానే దానితో కంప్యూటరు నడపవచ్చు. అక్కడ పోర్టు పేరు టి.టి.వై. యు.యస్.బి. 0 అని వుంటుంది. మీ పేరును డయలౌట్ అనే జట్టులో చేర్చుకుంటేనే ఆ పోర్టు తెరుచుకుంటుంది. విండోసు 7కు మైక్రోసాఫ్టువారు 2020 జనవరి 14న పోషణ ఆపారు. విండోసు 10కి 2025 అక్టోబరు 14న మామూలు పోషణ ఆగింది. కనుక పాత ల్యాప్‌టాపుకు లినక్సు అన్ని విధాలా ఆలోచించదగినదే.

పలుకుతున్నదో లేదో చూడడం

పుట్టీ అనే చిన్న ఉచిత ప్రోగ్రాము తెరిచి, సీరియల్ అని ఎంచి, మీరు రాసుకున్న కామ్ సంఖ్య, వేగం 4800 అని యివ్వండి. డాలరు గుర్తుతోనూ, వెంటనే జి.పి. అనే అక్షరాలతోనూ మొదలయ్యే వరుసలు సెకను సెకనుకూ జాలువారితే కార్డు బ్రతికి వున్నట్లే. అర్థంలేని గుర్తులు వస్తే వేగం కుదరలేదన్నమాట. 9600, 38400 పెట్టి చూడండి; యు-బ్లాక్స్ వారి చిప్పులకు సాధారణంగా 9600. ఒక పోర్టును ఒకేసారి ఒక ప్రోగ్రామే వాడుకోగలదు. కనుక పరీక్ష కాగానే పుట్టీ మూసి, అటుపిమ్మట పటాల ప్రోగ్రాము తెరవండి.

ఒక వింత కూడా జరగవచ్చు. డబ్బీ తగిలించగానే తెరమీది బాణం గుర్తు తనంతట తాను పూనకం వచ్చినట్లు ఎగురుతుంది. వైరస్ అని భయపడకండి. జి.పి.యస్. నుంచి వస్తున్న వరుసలను విండోసు పాతకాలపు సీరియల్ మౌసు కదలికలనుకొని పొరబడిందన్నమాట. డివైస్ మేనేజరులో మౌసుల క్రింద సీరియల్ బాల్‌పాయింట్ అనే వరుస వుంటుంది. దాన్ని తీసివేయక, డిసేబుల్ చేయండి. తీసివేస్తే మళ్ళీ పుట్టుకొస్తుంది.

వరుసలు వస్తున్నాయి గాని కామాల మధ్య అంకెలు లేవనుకోండి. అది డ్రైవరు తప్పు కాదు. కార్డుకు ఆకాశం కనిపించాలి. ఏళ్ళ తరబడి బీరువాలో వున్న కార్డు ఉపగ్రహాల పట్టికను మొదటినుంచి నేర్చుకోవాలి. ఆ పట్టిక పూర్తిగా రావడానికే 12న్నర నిమిషాలు పడుతుంది. కనుక చెట్టు నీడ, రేకుల పంచ వదిలి, ఆరుబయట కదపకుండా 20 నిమిషాలు వుంచండి. జి.పి.ఆర్.యం.సి. అనే వరుసలో ఆంగ్ల అక్షరం వి పోయి ఏ వచ్చిందంటే చోటు దొరికినట్లు.

అంకెలు చదవడంలో జాగ్రత్తలు

ఆ వరుసలో అక్షాంశం 1630.5000 అని వుంటే దాన్ని 16.305 డిగ్రీలని చదవకూడదు. మొదటి రెండంకెలు డిగ్రీలు, తక్కినవి నిమిషాలు. అంటే 16 డిగ్రీల 30న్నర నిమిషాలు. నిమిషాలను 60 చేత భాగిస్తే 16.5083 డిగ్రీలు అవుతుంది. తప్పుగా చదివితే మీ బావి పటం మీద 22 కిలోమీటర్ల దూరాన పడుతుంది! గడియారం కూడా మనది కాదు. అది చూపే వేళకు 5 గంటల 30 నిమిషాలు కలుపుకోవాలి.

తేదీని తప్పకుండా సరిచూడండి. జి.పి.యస్. సంకేతంలో వారాల లెక్క 1024 దాకా పోయి, మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో రెండవసారి అలా తిరిగింది. మూడవది 2038 నవంబరులో. యీ తిరుగుడు తెలియని పాత కార్డులు 2025 జనవరి 1వ తేదీని 2005 మే 18 అని చూపుతాయి. చూపిన చోటు మామూలుగా సరిగానే వుంటుంది, తేదీ మాత్రం తప్పు. పంట నష్టం నమోదు చేసేటప్పుడు యీ తేదీ అట్లాగే కాగితమెక్కితే, నిజంగా నష్టపోయిన రైతు అర్జీ కూడా అనుమానానికి లోనవుతుంది. కాబట్టి తేదీ కంప్యూటరు నుంచే తీసుకోవాలి, కార్డు నుంచి కాదు.

ఏ పనికి నమ్మాలి, ఏ పనికి నమ్మకూడదు

డ్రైవరు మాట కలుపుతుందే గాని, కార్డుకు కొత్త చెవులు పెట్టదు. మన దేశపు నావిక్ ఉపగ్రహాలలో మొదటిది 2013 జులై 1న మన శ్రీహరికోట నుంచే ఎగిరింది. వాటి సంకేతాలు వేరు. పాత జి.పి.యస్. కార్డు వాటిని వినలేదు. ఏ డ్రైవరూ వినిపించలేదు.

యీ కార్డు చెప్పే చోటు ఆరుబయట కూడా కొన్ని మీటర్లు అటూ యిటూ వుంటుంది. బావి ఎక్కడుందో, ఏ చేలో తెగులు కనబడిందో, ముంపు ఎంతవరకు వచ్చిందో గుర్తించడానికి అది చాలు. గట్టు తగాదాకు మాత్రం ఎంతమాత్రం చాలదు. లెక్క చూడండి. నలుచదరంగా వున్న ఎకరం చేనుకు ఒక్కొక్క ప్రక్క సుమారు 63.6 మీటర్లు. ఒక ప్రక్క గట్టును 3 మీటర్లు జరిపి చూపితే 191 చదరపు మీటర్లు, అంటే దాదాపు 4 ముక్కాలు సెంట్లు అటునుంచి యిటు పోతుంది. 5 మీటర్లయితే 8 సెంట్లకు కొంచెం తక్కువ. పెరటి జాగా అంత నేల! అన్నదమ్ముల మధ్య దావా నడవడానికి యింతకంటె ఏం కావాలి?

హద్దులు తేల్చే పని సర్వేయరుది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో వాడినవి రోవర్లు; అవి కోర్స్ అనే స్థిర కేంద్రాలతో సరిపోల్చుకొని కొద్ది సెంటీమీటర్ల తేడాలో చోటు చెబుతాయి. వాటి పని వేరు, మన కార్డు పని వేరు. తెరమీద గీత పొరుగువాని చేలోకి పోయినంత మాత్రాన గట్టుమీద గునపం వేయకండి. విస్తరణ సిబ్బందికి కూడా నా మనవి: యీ కార్డుతో తీసిన పటం మీద "హద్దుల నిర్ణయానికి పనికిరాదు" అని రాసి మరీ యివ్వండి.

చివరగా, డ్రైవరు దొరికి కార్డు పలికినప్పుడు, ఆ ఫైలును రెండు పెన్ డ్రైవులలో దాచండి. వి.ఐ.డి., పి.ఐ.డి., వేగం, పనిచేసిన డ్రైవరు తేదీ ఒక చీటీ మీద రాసి, కార్డు పెట్టెలోనే వుంచండి. మీరు బదిలీ అయి పోయినా, తరువాత వచ్చినవారికి అది అక్కరకు వస్తుంది. విత్తనాల కుండకు చీటీ కట్టి పెట్టుకొనే అలవాటు మన యిండ్లలో వున్నదే. దాన్నే యిక్కడా పాటించండి. సెలవు.